అంకెల్లో తెలుగు: అక్షర సంకేతాల చరిత్ర, కొన్ని చిక్కులు

తెలుగు పాఠాన్ని ఒక కంప్యూటర్ నుంచి మరొక కంప్యూటర్‌కు పంపినప్పుడు అది చదవరాని రూపంలో చేరడం చాలామందికి అనుభవంలో ఉన్న సంగతే. అక్షరాల స్థానంలో ప్రశ్నార్థకాలో, ఖాళీ గళ్ళో, అర్థంలేని రోమన్ అక్షరాలో కనిపిస్తాయి. పంపినవారు దగ్గరలో ఉంటే మళ్ళీ పంపమని అడగవచ్చు. కాని బళ్ళారి, కోలారు, హోసూరు, మదురై, బరంపురం, షోలాపూరు వంటి చోట్ల తెలుగువారి సంఘాలు, కుటుంబాలు టైపు చేయించి దాచుకున్న పాటలకు, వంశచరిత్రలకు, శతకాలకు తరచు ఒకే ఒక ప్రతి ఉంటుంది. అది చెడితే మరొకటి దొరకదు. చెడిన పాఠాలన్నీ ఒకే విధంగా చెడవు. ఏది ఏ కాలపు సంకేతపద్ధతిలో పుట్టిందో, ఏ మజిలీలో దెబ్బతిన్నదో దాని రూపమే చెబుతుంది. ఆ రూపాన్ని చదవాలంటే తెలుగు అక్షరాలకు అంకెలు కట్టిన చరిత్ర కొంత తెలియాలి.

లిపి మారినప్పుడు జరిగేది

ఈ సమస్య కంప్యూటర్‌తో పుట్టినది కాదు. తమిళనాట త్యాగరాజస్వామి కీర్తనలను తమిళ లిపిలో అచ్చువేయడం చాలాకాలంగా ఉన్న ఆచారం. తెలుగులో క, ఖ, గ, ఘ అని నాలుగు హల్లులుంటే తమిళ లిపిలో వాటన్నిటికీ ఒకే అక్షరం ఉంది. అందువల్ల అచ్చువేసేవారు ఆ అక్షరం పక్కన 2, 3, 4 అనే చిన్న అంకెలు వేసి ఖకారాన్ని, గకారాన్ని, ఘకారాన్ని వేరుచేశారు. చ, ట, త, ప వర్గాలకు కూడా ఇదే పద్ధతి. ఆ అంకెలను వదిలేసి ఎవరైనా తిరిగి రాసుకుంటే ‘గ’ కాస్తా ‘క’ అవుతుంది. మూలం తెలియనివారికి అది తప్పని కూడా తెలియదు.

ఇక్కడ రెండు విషయాలు గమనించాలి. మొదటిది, రాసిన గుర్తుకు అర్థం ఒక ఒప్పందం వల్ల వస్తుంది. ఆ ఒప్పందం చదివేవారికి కూడా తెలియాలి. రెండవది, ఒక భేదాన్ని మోయగల గుర్తు మధ్య దారిలో పోతే ఆ భేదాన్ని తిరిగి తేవడానికి భాషాజ్ఞానం తప్ప వేరే ఆధారం ఉండదు. కంప్యూటర్ల మధ్య తెలుగు పాఠం పడే పాట్లన్నీ ఈ రెండు మాటల్లోనే ఇమిడి ఉన్నాయి.

ఏడు బిట్ల కాలం

కంప్యూటర్ అక్షరాలను దాచుకోదు, అంకెలను దాచుకుంటుంది. ఏ అంకె ఏ అక్షరమో చెప్పేది సంకేత పట్టిక. 1963లో అమెరికాలో మొదట వెలువడిన ఆస్కీ పట్టికలో 128 స్థానాలున్నాయి. రోమన్ అక్షరాలు, అంకెలు, విరామచిహ్నాలు, కొన్ని యంత్ర సంజ్ఞలు వాటిలో సరిపోయాయి. 128 స్థానాలకు ఏడు బిట్లు చాలు. కనుక తొలినాటి సమాచార వ్యవస్థలలో చాలా భాగం ఏడు బిట్లను మాత్రమే నమ్మకంగా చేరవేసేవి.

అందువల్ల అమెరికాలోని తెలుగు విద్యార్థులు 1990ల మొదట్లో ఉత్తరాలకు, చర్చలకు రోమన్ లిపినే వాడుకున్నారు. హ్యూస్టన్‌లోని రైస్ విశ్వవిద్యాలయంలో రూపొందిన లిప్యంతరీకరణ పద్ధతి ఆర్.టి.ఎస్. పేరుతో ప్రసిద్ధమైంది. అందులో చిన్న ‘టి’ తకారం, పెద్ద ‘టి’ టకారం. చిన్న ‘ఎల్’ లకారం, పెద్ద ‘ఎల్’ ళకారం. అంటే తమిళ పుస్తకాలలో అంకె చేసిన పనిని ఇక్కడ అక్షరం పరిమాణం చేస్తుంది. అక్షరాలన్నిటినీ పెద్దవిగానో చిన్నవిగానో మార్చే వ్యవస్థ గుండా ఆ పాఠం వెళితే ‘కళ’, ‘కల’ ఒకటైపోతాయి. యానాంలోని ఒక పేరు రోమన్ లిపిలో పుదుచ్చేరి కార్యాలయానికి వెళ్ళి మళ్ళీ తెలుగులోకి రావలసి వచ్చినా ఇదే చిక్కు.

ఇస్కీ: ఒక పట్టిక, అనేక లిపులు

భారతీయ లిపులన్నిటికీ ఒకే సంకేత పట్టిక ఉండాలన్న ఆలోచన మన దేశంలో 1980లలో రూపుదిద్దుకున్నది. ఐఐటీ కాన్పూర్‌లో మొదలైన కృషి పుణేలో 1988లో ఏర్పడిన సీ-డాక్ సంస్థలో ‘జిస్ట్’ పేరుతో కొనసాగింది. ఈ పరంపరలో రూపొందిన ఇస్కీ సంకేతావళిని భారతీయ ప్రమాణాల సంస్థ 1991లో ఐఎస్ 13194 సంఖ్యతో ప్రకటించింది.

ఇస్కీ ఎనిమిది బిట్లది. మొదటి 128 స్థానాలు ఆస్కీవే. పై సగం భారతీయ లిపులది. దాని రచనలో భాషాశాస్త్ర దృష్టి స్పష్టంగా కనిపిస్తుంది. బ్రాహ్మి నుంచి పుట్టిన లిపులన్నిటికీ వర్ణమాల దాదాపు ఒకటే కనుక ‘క’ ఏ లిపిలోనైనా 179. తెలుగులో 179, కన్నడంలో 179, ఒడియాలో 179, దేవనాగరిలోనూ 179. గుణింతపు గుర్తులకు వేరే అంకెలు, పొల్లుకు వేరే అంకె. ‘క్ష’కు ప్రత్యేక స్థానం లేదు, క, పొల్లు, ష అనే మూడు అంకెల వరస అది. వత్తును ఎలా గీయాలన్నది తెర చూసుకుంటుంది.

మరి 179ని తెలుగు ‘క’గా గీయాలో, కన్నడ ‘క’గా గీయాలో యంత్రానికి ఎలా తెలుస్తుంది? దానికి ఒక లిపి సూచిక ఉంది. 239 అనే అంకె తరువాత 69 వస్తే తెలుగు, 72 వస్తే కన్నడం, 68 తమిళం, 71 ఒడియా, 66 దేవనాగరి. ఈ రెండు అంకెలు దారిలో పోయినా, స్వీకరించే యంత్రం వాటిని పట్టించుకోకపోయినా తెలుగు పాఠం పక్క రాష్ట్రపు లిపిలో ప్రత్యక్షమవుతుంది. దీనిని చెడిపోవడం అనకూడదు. అంకెలు సరిగ్గానే ఉన్నాయి, వేషం మారింది అంతే. సూచికను తిరిగి చేరిస్తే పాఠం యథాతథంగా వస్తుంది.

అసలు నష్టం ఎనిమిదో బిట్టు పోయినప్పుడు జరుగుతుంది. పాత ఉత్తర వ్యవస్థలు కొన్ని ఎనిమిదో బిట్టును తుడిచేసేవి. అంటే ప్రతి అంకె నుంచి 128 తగ్గిపోతుంది. 179 లోంచి 128 పోతే 51. ఆస్కీలో 51 అంటే ‘3’ అనే అంకె. ‘తెలుగు’ అనే మాట ఇస్కీలో 194, 224, 209, 221, 181, 221. ఎనిమిదో బిట్టు పోతే అది 66, 96, 81, 93, 53, 93 అవుతుంది. తెర మీద రోమన్ ‘బి’, ఒక వాలు గుర్తు, ‘క్యూ’, మూసిన చదరపు కుండలీకరణం, 5, మళ్ళీ ఆ కుండలీకరణం కనిపిస్తాయి. పాఠమంతా తెలుగే అయితే ప్రతి అంకెకూ 128 కలిపి బయటపడవచ్చు. మధ్యలో ఇంగ్లీషు మాటలు, అంకెలు కలిసి ఉంటే ఏది తెలుగో, ఏది ఇంగ్లీషో మనిషి కూర్చుని విడదీయవలసిందే.

ఫాంట్ల రాజ్యం

ఇస్కీ ప్రభుత్వ ప్రమాణమే అయినా 1990లలో ప్రచురణరంగం వేరే దారి పట్టింది. అచ్చుకు కావలసింది అందమైన బొమ్మ. రోమన్ అక్షరాల స్థానాలలో తెలుగు బొమ్మలను కూర్చి ఫాంట్లు తయారుచేస్తే అప్పటి విండోస్ యంత్రాలలో వేరే ఏర్పాటేదీ లేకుండా తెలుగు అచ్చయ్యేది. శ్రీలిపి, అను వంటి సాఫ్ట్‌వేర్లు ఈ విధంగా డీటీపీ కేంద్రాలకు చేరాయి. పత్రికలు తమ తమ ఫాంట్లు తామే చేయించుకున్నాయి. 1990ల చివర అవి అంతర్జాలంలోకి వచ్చినప్పుడు పాఠకుడు ఏ పత్రిక చదవాలంటే ఆ పత్రిక ఫాంటును ముందుగా దింపుకోవలసి వచ్చింది.

ఈ పద్ధతిలో అంకె సూచించేది వర్ణాన్ని కాదు, బొమ్మ ముక్కను. తలకట్టు ఒక ముక్క, అక్షరం ఒడలు ఒక ముక్క, గుడి ఒకటి, కొమ్ము ఒకటి, వత్తు ఒకటి. ఐత్వానికి పైన ఒక ముక్క, కింద ఒక ముక్క. ఎడమ నుంచి చుట్టుకొని వచ్చే క్రావడిని ఫాంటును బట్టి అక్షరానికి ముందో వెనకో పెట్టేవారు. పైగా ఏ రెండు సంస్థల పట్టికలూ ఒకటి కావు. ఫాంటు పేరు ఫైలుతో పాటు రాకపోయినా, ఆ ఫాంటు ఎదుటి యంత్రంలో లేకపోయినా మిగిలేది రోమన్ అక్షరాల గజిబిజి. మాట వెతకడానికి గాని, అకారాదిగా అమర్చడానికి గాని ఆ పాఠం పనికిరాదు.

మన ప్రాంతాల తెలుగు సంఘాలు 1990లలోను, ఆ తరువాత కొన్నేళ్ళు టైపు చేయించిన సంచికలు, పాటల పుస్తకాలు ఎక్కువగా ఈ కోవకు చెందినవే. కాగితం ప్రతి మిగిలి ఉంటే సరే. లేకపోతే ఆ ఫైలుకు తాళంచెవి ఫాంటు పట్టికే. ఫాంటు పేరు తెలిస్తే మార్పిడి సాధ్యమే. ఫైర్‌ఫాక్స్ కోసం వచ్చిన ‘పద్మ’ అనే ఉపకరణం పత్రికల ఫాంట్లలోని పాఠాన్ని చదివేటప్పుడే యూనికోడ్‌లోకి మార్చి చూపేది.

యూనికోడ్: ఎవరి ఇల్లు వారిది

ప్రపంచంలోని లిపులన్నిటికీ ఒకే పట్టిక అనే ఆశయంతో యూనికోడ్ మొదటి కూర్పు 1991లో వెలువడింది. తెలుగు అందులోనే చోటుచేసుకున్నది. భారతీయ లిపుల విషయంలో యూనికోడ్‌వారు 1988 నాటి ఇస్కీని ఆధారం చేసుకున్నారు. అయితే ఒక ముఖ్యమైన మార్పు చేశారు: ఒక్కొక్క లిపికి 128 స్థానాల చొప్పున వేరు వేరు గదులిచ్చారు. ఒడియా, తమిళం, తెలుగు, కన్నడం వరుసగా పక్కపక్కనే ఉన్నాయి. ఒడియా ‘క’ 2837, తమిళ ‘క’ 2965, తెలుగు ‘క’ 3093, కన్నడ ‘క’ 3221. పక్కపక్కనున్న ఏ రెండింటి మధ్య చూసినా భేదం 128.

దీనివల్ల లిపి సూచిక అవసరం తీరిపోయింది. 3093 ఎక్కడ ఉన్నా తెలుగు ‘క’యే. తెలుగు పాఠంలోని ప్రతి అంకెకూ 128 కలిపితే దాదాపు అంతా కన్నడ లిపిలో చదువుకోవచ్చు. 128 తీసివేస్తే తమిళంలోకి వెళతాం గాని, తెలుగు ఖ, గ, ఘలకు ఎదురుగా తమిళ గదిలో ఉన్నవి ఖాళీ స్థానాలు. కీర్తనల పుస్తకాలలో చిన్న అంకెలు ఎందుకు అవసరమయ్యాయో ఈ పట్టికలో కళ్ళకు కడుతుంది.

పట్టికలో చోటు దొరికిన వెంటనే వాడుక రాలేదు. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీలో గౌతమి ఫాంటుతో తెలుగు యూనికోడ్ సామాన్య వినియోగదారుడికి అందింది. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా మొదలైంది. పాత తెలుగుకు కావలసిన అక్షరాలు ఇంకా ఆలస్యంగా చేరాయి: దంత్య ౘ, ౙలు 2008లో, శాసనాలలోని ఴకారం 2014లో, నకార పొల్లు 2021లో. ప్రాచీన పాఠాలతో పనిచేసేవారు ఈ సంవత్సరాలు గుర్తుంచుకోవాలి. అంతకు ముందటి ఫాంట్లలో ఈ అక్షరాలు ఖాళీ గళ్ళుగా కనిపించడం సహజం.

కొమ్ము పోయిన పాఠం

యూనికోడ్‌లో 3093 వంటి పెద్ద అంకె ఒక బైటులో పట్టదు. 1992లో రూపొందిన యూటీఎఫ్-8 పద్ధతిలో ప్రతి తెలుగు గుర్తుకు మూడు బైట్లు. ‘క’ అంటే 224, 176, 149. మొదటి బైటు ఎప్పుడూ 224. రెండవది 176 గాని 177 గాని. మూడవది మాత్రమే గుర్తును బట్టి మారుతుంది.

ఈ బైట్లను అందుకున్న వ్యవస్థ వాటిని పడమటి ఐరోపా భాషల విండోస్ పట్టికతో చదివితే ఒక్కొక్క తెలుగు గుర్తు మూడేసి గుర్తులుగా చీలిపోతుంది. 224 తల మీద వాలుగీత గల చిన్న రోమన్ ‘ఏ’. 176 డిగ్రీ గుర్తు. 177 కూడిక, తీసివేత కలిసిన గుర్తు. ఈ జంటలు పదే పదే కనిపిస్తే అది యూటీఎఫ్-8లో ఉన్న తెలుగు అని తడుముకోకుండా చెప్పవచ్చు. ఆ స్థితిలో భద్రపరచకుండా, సరైన పట్టికతో మళ్ళీ తెరిస్తే పాఠం చెక్కుచెదరకుండా వస్తుంది.

తప్పు రూపంలోనే భద్రపరిస్తే కథ వేరు. ఆ ఐరోపా పట్టికలో 129, 141, 143, 144, 157 అనే అయిదు స్థానాలకు అక్షరాలు లేవు. కొన్ని సాఫ్ట్‌వేర్లు వాటిని కనిపించని గుర్తులుగా దాచుకుంటాయి. కొన్ని ప్రశ్నార్థకం పెడతాయి, కొన్ని తీసేస్తాయి. ఆ అయిదింటితో ముగిసే తెలుగు గుర్తులేవి? కొమ్ము, అరసున్న 129తో, పొల్లు 141తో, ‘ఏ’ 143తో, ‘ఐ’ 144తో, ‘ఝ’, నకార పొల్లు 157తో. వీటిలో కొమ్ము, పొల్లు లేని తెలుగు వాక్యం అరుదు. మన ప్రథమా విభక్తి ప్రత్యయాలు డు, ము, వు, లు నాలుగూ కొమ్ముతోనే ముగుస్తాయి. ప్రతి సంయుక్తాక్షరంలోనూ పొల్లు ఉంది. ‘పుస్తకము’ తిరిగి వచ్చేసరికి ‘పసతకమ’ అవుతుంది.

ఇందులో మరొక మెలిక ఉంది. కొమ్ముకు మొదటి రెండు బైట్లు 224, 177, పొల్లుకూ అవే. మూడవది పోయాక మిగిలిన ముక్కను చూసి అది కొమ్మో పొల్లో యంత్రం చెప్పలేదు. తెలుగు తెలిసినవారు చెప్పగలరు. దేశ్యపదాలు అజంతాలు కనుక మాట చివర ఆ ముక్క ఉంటే అది చాలావరకు కొమ్మే. పొల్లుతో ముగిసేవి ఎక్కువగా ఇటీవలి ఎరువు మాటలు. రెండు హల్లుల మధ్య ఉంటే నిఘంటువును సంప్రదించాలి. ‘ప-స-తకమ’లో మొదటి ముక్క కొమ్ము, రెండవది పొల్లు, చివరది కొమ్ము అని భాష తెలిసినవారికి నిమిషం పట్టదు. ఛందోబద్ధమైన పాఠమైతే గణాలు, యతిప్రాసలు కూడా సాయపడతాయి. తాళపత్రంలో పురుగు తిన్న చోటును పరిష్కర్తలు పూరించే పద్ధతి ఇదే.

లక్షణం చూసి నిదానం

పై చరిత్రను బట్టి చెడిన పాఠాన్ని చూడగానే వేసుకోవలసిన అంచనాలు ఇవి. ఖాళీ గళ్ళు కనిపిస్తే పాఠం చాలావరకు క్షేమం. ఆ యంత్రంలో తగిన ఫాంటు లేదు. వాలుగీత ‘ఏ’లు, డిగ్రీ గుర్తులు కనిపిస్తే పట్టిక పొరపాటు, సాధారణంగా సరిదిద్దవచ్చు. రోమన్ అక్షరాల గజిబిజి అయితే పాత ఫాంటు పాఠం గాని, ఎనిమిదో బిట్టు పోయిన ఇస్కీ గాని. ఫాంటు పేరు కోసం వెతకాలి. వరుసగా ప్రశ్నార్థకాలే ఉంటే, తెలుగుకు చోటులేని పట్టికలోకి మార్చబోయి యంత్రం ప్రతి గుర్తుకూ ఒక ప్రశ్నార్థకం పెట్టిందన్న మాట. ఆ ప్రతిలో పాఠం లేదు. పంపినవారి దగ్గరి మూలాన్నే అడగాలి.

కంటికి బాగానే కనిపించే పాఠంలోనూ లోపాలు దాగి ఉంటాయి. ఐత్వాన్ని యూనికోడ్‌లో 3144 అనే ఒక్క అంకెతో రాయవచ్చు; 3142, 3158 అనే రెండు అంకెలతోనూ రాయవచ్చు. బొమ్మ ఒకటే, కాని రెండింటినీ సమానం చేయని వ్యవస్థలో వెతికితే ఒకటి దొరికి మరొకటి దొరకదు. ‘సాఫ్ట్‌వేర్’ వంటి మాటలలో పొల్లు తరువాత వత్తు పడకుండా ఆపే 8204 అనే కనిపించని గుర్తు ఉంటుంది. దానిని తుడిచేసే వ్యవస్థ గుండా వెళితే వకారం వత్తుగా కిందికి దిగుతుంది.

పేర్ల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. ‘వేంకటేశ్వరరావు’లో యూనికోడ్ గుర్తులు పద్నాలుగు, బైట్లు 42. పేరుకు 30 బైట్ల గడి మాత్రమే ఇచ్చిన పట్టికలో అది ‘వేంకటేశ్వర’గా ఆగిపోతుంది. చూడటానికి నిండు పేరులాగే ఉంటుంది కనుక ఎవరూ సందేహించరు. గడి 32 బైట్లయితే ఒక అక్షరం మధ్యలో తెగి, చివర విరిగిన గుర్తు కనిపిస్తుంది. ఒక విధంగా అదే మేలు, లోపం బయటపడుతుంది.

విద్యార్థులకు కొన్ని సూచనలు. మీ ఊరి సంఘాలలో, ఇళ్ళలో పాత ఫైళ్ళు దొరికితే మొట్టమొదట మార్పు చేయని ఒక నకలు వేరుగా ఉంచండి. ప్రయోగాలు రెండో నకలు మీదనే చేయండి. ఫైలు ఏ ఏట, ఏ సాఫ్ట్‌వేర్‌తో, ఏ ఫాంటుతో తయారైందో టైపు చేసినవారిని అడిగి రాసిపెట్టుకోండి. వారు ఉన్నప్పుడే అడగాలి. కాగితం ప్రతి ఉంటే దానిని కూడా ఫైలుతో కలిపి ఉంచండి. కొత్త వ్యవస్థకు పాఠం పంపేముందు ‘ఏనుఁగు, ఐదు, ఝరి, పద్యము’ అనే నాలుగు మాటలు పంపి తిరిగి తెప్పించుకోండి. నకార పొల్లు తప్ప పైన చెప్పిన ప్రమాదకరమైన గుర్తులన్నీ ఈ నాలుగింటిలో ఉన్నాయి. పాత పాఠమైతే నకార పొల్లున్న మాట ఒకటి చేర్చుకోండి. ఇవి క్షేమంగా తిరిగి వస్తే ఆ దారిలో మిగిలిన పాఠాన్ని పంపవచ్చు.